ఎడమ మెలిక

నెల్లిమర్ల గేటు దగ్గరే వస్తుందట తంటా.
నడుస్తున్నంతసేపూ బుద్ధిగానే ఉంటుంది బండి;
గూడ్సు కోసం ఆగిందంటే చాలు
సూది ఎర్రగీతకేసి పాకుతుంది.

డెబ్బై ఎనిమిది నాటి ఫియట్టు, చింతగింజ రంగు.
జూటుమిల్లులో కాటా గుమాస్తాగా చేసి దిగిపోయిన
గొంప అసిరినాయుడిది.
ఇంజనుతో పుట్టిన రెక్కల గాలి చాలక
ఎప్పుడో ఎవరో
రేడియేటరు ముందు మారుతి వ్యాను ఫ్యాను బిగించారు.

"రేడియేటరు కడిగించీసినాను. మోటారు కొత్తది ఏయించినాను.
పీజు ఒక్కసారి ఎగిరితే ఒట్టు.
మరేటే తవిటమ్మా, దీని రోగం?"

ఫ్యూజు ఎందుకెగురుతుంది?
అది కాపలా కాసేది ఎక్కువైన కరెంటుకి.
దారిలో కూర్చుని కాస్త కాస్త మింగేవాణ్ణి
దొంగ అనుకోదు.

బానెట్టు ఎత్తి, ఇంజను ఆపకుండా
ఫ్యాను తిరిగేదాకా నిలబడ్డాను.
తిరిగింది,
పెళ్ళిలో మూడో బంతికి వడ్డించేవాడిలా.

మీటరు తీసే ముందు
తీగ వెంట వేళ్ళ వెనకభాగంతో నడిచాను.
అరచేతికి తెలివి పోయి చాలా ఏళ్ళయింది.
రిలే చల్లన. పిన్ను గోరువెచ్చన.
హెడ్‌లైటు వెనక, నల్లటేపు చుట్టిన చోట
చురుక్కుమంది.

మీటరు ముళ్ళు అటొకటి ఇటొకటి ఆనించాను.
అంత దగ్గరి చోట్ల మధ్య సున్నా ఉండాలి.
రెండున్నర వోల్టులు చూపించింది.
రెండున్నర, పైన ఫ్యాను తాగే ఎనిమిది ఆంపియర్లు,
వెరసి ఇరవై వాట్లు.
ఒక చిన్న బల్బు
టేపులో పడుకుని, వెలక్కుండా కాలుతోంది
ఎన్నాళ్ళుగానో.

టేపు విప్పాను. జిగురు బెల్లప్పాకంలా సాగింది.
తొడుగు అప్పడంలా విరిగింది.
రాగి రాగిలా లేదు,
సగం చిలుము, సగం మసి.
పిన్ను లేదు, టంకం లేదు,
రెండు తీగల్ని వేళ్ళతో మెలేసి వదిలేసిన పని.

మెలిక ఎడమకి తిరిగి ఉంది.

కంటోన్మెంటులో మొహిద్దీన్ మేస్త్రి షెడ్డులో
ఎడమచేతి గుంట ఒక్కర్తే ఉండేది.
"కుడికి తిప్పవే" అంటూ స్క్రూడ్రైవరు పిడితో
కణుపుల మీద కొట్టేవాడు మేస్త్రి.
ఆ రోజు శుక్రవారం, ఆయన నమాజుకెళ్ళాడు.
బేరం వాకిట్లో తొందరపడుతోంది.
టంకం కడ్డీ వేడెక్కడానికి పది నిమిషాలు పడుతుంది.
నేను వేడెక్కనివ్వలేదు.

"ఎవడే ఇది సేసిన ఎదవ?"
మెడ చాచి అడిగాడు అసిరినాయుడు.
"నానే బాబూ."
ఫ్యాను ఆగింది. ఎక్కడో కాకి అరిచింది.
"అప్పుడు నీకెన్నేళ్ళు?"
"పదహారు."
కాలిన ముక్కని అరచేతిలో పెట్టుకుని
కాసేపు తూచి,
"పన్నెండేళ్ళు ఆగింది గదేటి" అన్నాడు.
మెచ్చుకోలో తిట్టో,
ఆ మొహంలో ముల్లు ఏ వైపూ మొగ్గలేదు.

కాలినంత మేరా కోసేశాను. లావు తీగ వేశాను.
పిన్ను నొక్కి, టంకం పోసి,
స్లీవు తీగని కరుచుకునేదాకా వేడి చూపించాను.
కడ్డీ కాగేటప్పుడు మాత్రం
ఇద్దరం దానికేసే చూస్తూ కూర్చున్నాం.
పిన్ను డబ్బులే చాలన్నాను. పది రూపాయలు.
ఇరవై ఇచ్చి చిల్లర అడిగాడు.

రాత్రి అన్నం కలుపుతూ లెక్కేస్తున్నాను.
ఆ ఏడాది బొబ్బిలి జీపులు, సాలూరు లారీలు,
గజపతినగరం డాక్టరుగారి అంబాసిడరు.
గుర్తున్నవి పదకొండు.
గుర్తులేనివి ఎక్కడ ఆగి ఉన్నాయో
ఈ పూట, ఎవరి పిల్లలు వెనకసీట్లో నిద్రపోతున్నారో.

ఫోను మోగింది.
అటునుంచి మాట లేదు.
వేగన్ల చప్పుడు, ఒకదాని వెనక ఒకటి,
ఆ చప్పుడు అడుగున సన్నగా
ఫ్యాను.

గూడ్సు చాలా పొడుగుంది.
ఇద్దరిలో ఎవరమూ ఫోను పెట్టలేదు.