నూటికి రెండు పాళ్ళు

తాడు లాగకు పావిలా, ఆగు.
ముందు బండి వెనక భాగం ఎత్తు.
రాత్రంతా కస్కొక్విమ్ ఏటి మీద నిలబడింది,
పట్టా మంచుకి కరుచుకుపోయి ఉంటుంది.
ఎత్తి, ఓసారి కుదిపి వదులు.
ఇప్పుడు లాగు.

మొదటి లాగుకి దగ్గుతుంది.
రెండోదానికి తిడుతుంది.
మూడోదానికి నీలం పొగ.
ఆ కాలిన నూనె వాసన లేకపోతే
నాకు తెల్లవారినట్టే ఉండదు.

ఎక్కి దూకించకు అప్పుడే.
కెటిల్ తే, చెరో కప్పు తాగుదాం.
లోపల పిస్టన్ అల్యూమినియం, ఇట్టే ఉబ్బుతుంది.
చుట్టూ ఉన్న గోడ ఇంకా చలికి బిగుసుకునే ఉంటుంది.
ఆ రెండింటికీ సఖ్యత కుదిరేదాకా
నీ కుర్రతనం జేబులో పెట్టుకో.
పోయిన నెల నువ్వు పాడుచేసిన పిస్టన్
కిటికీలో ఉంది, చూశావా?
ఒక పక్కంతా గీరుకుపోయింది, పిల్లి రక్కినట్టు.
బోర్లించినదాన్ని వెల్లకిలా తిప్పి
అందులో మేకులు వేసుకుంటున్నాను.

పెద్ద ఇంజన్లకి కడుపులో నూనె దాచుకునే చోటుంటుంది.
దీనికి లేదు.
తాగే పెట్రోల్లోనే దీని తిండీ, మందూ.
నూటికి రెండు పాళ్ళు.
తగ్గితే చస్తుంది, పెరిగితే మసి కక్కుతుంది.
మా తమ్ముడు ఈవన్ కొలిచేవాడు కాదు, కంటితో పోసేవాడు.
ఎప్పుడూ తప్పలేదని ఊళ్ళో చెబుతాను గానీ
అబద్ధం. రెండుసార్లు తప్పాడు.
రెండోసారి సముద్రం వైపు దారిలో బండి బిగుసుకుంటే
పద్నాలుగు మైళ్ళు నడిచాడు.
ఎడమకాలి వేళ్ళు రెండు ఆస్పత్రిలో వదిలేసి
ఇంటికొస్తూ వస్తూ
కొలగ్లాసు కొనుక్కొచ్చాడు.
ఇదే ఆ గ్లాసు. జాగ్రత్త.

ప్లగ్గు విప్పు.
మొన తెల్లగా ఉంటే ఆకలితో మాడుతోందని,
నల్లగా, తడిగా ఉంటే తిన్నది అరగట్లేదని.
టీ రంగు ఉండాలి.
మీ అమ్మ పోసే టీ కాదు, నేను పోసేది.
చలి ముదిరితే గాలి చిక్కబడుతుంది,
నిన్న చాలిన పెట్రోలు ఇవాళ చాలదు.
అప్పుడు ఒక సైజు పెద్ద జెట్టు.
వేళ్ళు కొంకర్లు పోతున్నా సరే, మార్చాకే బయల్దేరు.

మూత లోపలివైపు చూడు, పెన్సిల్ రాత.
తేదీ, చలి, ప్లగ్గు రంగు.
పంతొమ్మిది చలికాలాలు.
పైన పదకొండూ ఈవన్‌వి, కొక్కిరి గీతలు.
"గాలిపెట్టెలో ఎలుక గూడు. నాలుగు పిల్లలు. వారం ఆగాను."
అని ఒకచోట.
ఆ వారం మేము చేపల వలకి నడిచే వెళ్ళాం,
ఎందుకో చెప్పలేదు నాకు.
అతని రాతలో ఆఖరిది:
"రింగులు అరిగాయి. వచ్చే ఏడు."

ఆ వసంతం ఏరు తొందరగా పలచబడింది.
బండి ఒడ్డునే ఉంది, చెక్కు చెదరకుండా.
అతనే నడిచి వెళ్ళాడు, వల తీయడానికి.

రింగులు నేను వేశాను.
పుస్తకం ఎదురుగా పెట్టుకుని, మూడు రోజులు,
ఒకటి విరగ్గొట్టి, మళ్ళీ తెప్పించి.
కింది రాత నాది. ఇంకా కొక్కిరి.

మంచు పోయాక దీన్ని ఊరికే వదిలెయ్యకూడదు.
కార్బరేటర్ ఖాళీ చెయ్యాలి, లేదంటే పెట్రోలు జిగురై కూర్చుంటుంది.
ఆగిపోయే ముందు గొంతులో నూనె కొట్టాలి,
తెల్లటి పొగ ఊరంతా కమ్మేదాకా.
పక్కింటి నస్తాసియా తిడుతుంది. తిట్టనీ.
బెల్టు విప్పి మంచం కింద దాచు.
దోమలున్నన్నాళ్ళూ అది నిద్రపోతుంది.

గేజి ఇటివ్వు, ప్లగ్గు తీసే ఉందిగా.
లాగు. ఇంకా లాగు.
నూట పద్దెనిమిది.
అటుపక్కది? నూట పదహారు.
పర్లేదు, కవలల్లో కూడా ఆ మాత్రం తేడా ఉంటుంది.

పెన్సిలా? నా చెవి మీద ఉంది.
ఇవ్వను. నీకింకా ఒక చలికాలం ఆగాలి.
టీ అయిందా? ప్లగ్గులు బిగించు.
మొదటి మైలు నెమ్మది.