పదిహేడో పేజీ నుంచి

మా ఊరి గ్రంథాలయానికి ఒకటే గది, ఒకటే ఫ్యాను.
ఎనభై ఆరు వరదలో అడుగు అరలు మునిగాయని
పై అర పుస్తకాలకి ఇప్పటికీ కాస్త గర్వం.

నాకు దొరికింది అడుగు అరలోది.
అట్ట లేదు. రాసినావిడ పేరు లేదు.
ముందు పదహారు పేజీలు గోదారి తీసుకుంది.
పదిహేడో పేజీ సగం వాక్యంతో మొదలు:
"అని మా మావయ్య అన్నాడు గానీ, నేను వెళ్ళాను."

ఏమన్నాడో నాకు తెలీదు.
మావయ్యలు ఏమంటారో
వశిష్ఠకి ఈ ఒడ్డున గానీ ఆ ఒడ్డున గానీ
ఎవరికి తెలీదు గనక!

రాజమండ్రిలో ఒక ప్రెస్సులో
సీసం అక్షరాలు పేర్చిందట ఆవిడ.
ఆ గదిలో మొదటి ఆడమనిషి.
స్టూలు ఇవ్వలేదు. పదకొండు నెలలు నిలబడే పేర్చింది.
"ళ" అయిపోతే "ల" పెట్టెయ్యమన్నాడు ఫోర్మను.
"కళ కాస్తా కల అయిపోద్దండీ" అంది.
"అయితే అయింది" అన్నాడు.
ఆ పూట అన్నం మానేసి
ఒక్క "ళ" కోసం డబ్బాలన్నీ వెతికింది.

అచ్చు పడేదాకా అక్షరం తిరగబడి ఉంటుందట,
అద్దంలో మొహంలాగా.
"తిరగేసి చదవడం అలవాటయ్యాక
మనుషుల మాటల్నీ అలాగే చదివాను" అని రాసింది.

నా ఒళ్ళో లేసు తిరగేసి చూశాను.
ముళ్ళు. అతుకులు. దారం తెగినచోట
ఎంగిలితో తడిపి కలిపిన జాడ.
ఏ దేశంలోనో ఎవరి బల్లమీదో పరుచుకునే పువ్వు ఇది.
వాళ్ళకి ముందువైపే కనిపిస్తుంది.

డెబ్బై రెండో పేజీ, వరద మరక పక్కన:
"అడిగితే పోయేది పని.
అడక్కపోయినా పోయేది అదే, కాస్త నిదానంగా."
దాని కింద ఎవరో పెన్సిలుతో గీత గీసి,
"నిజం. సువార్తమ్మ, లాకులపేట" అని రాసింది.
ఎవరండీ ఈవిడ అంటే
లైబ్రేరియను బుర్ర గోక్కున్నాడు.
"రొయ్యల షెడ్డులో చేసేదనుకుంటాను. చాన్నాళ్ళయింది."

సోమవారం ఏజెంటు సత్తిపండు త్రాసు దించాడు.
నా నోరు పిడచగట్టుకుపోయింది.
ఆవిడకి నోరెండినట్టు పుస్తకంలో ఎక్కడా లేదు.
బహుశా ఆ పదహారు పేజీల్లో ఉండుంటుంది.

"దారం ఎంత ఇచ్చారో, లేసు ఎంత తూగిందో
చీటీమీద రాసియ్యండి" అన్నాను.
"ఏటమ్మాయ్, పుస్తకాలు చదూతున్నావంట!"
నవ్వాడు.
గంగాభవాని చేతిలో కొక్కెం సూది ఆగిపోయింది.
ఇక వినబడేది
సఖినేటిపల్లి నుంచి వస్తున్న పంటు మోతే.

ఆ వారం నాకు కండె ఇవ్వలేదు.
ఆ పై వారమూ అంతే.
ఇంట్లో చారు పల్చబడింది.
పుస్తకం చూరులో దోపేశాను, మొహం చూడబుద్ధి కాక.

మూడో సోమవారం చీటీ అడిగింది నేను కాదు, మా అత్త.
జన్మలో అక్షరం ముట్టని మనిషి.
త్రాసు మీద చెయ్యేసి
"రాసియ్యి బాబూ, మా కోడలు చదూద్ది" అంది.
ఎప్పుడు చూసిందో
కిరసనాయిలు బుడ్డీ దగ్గర నా పెదాలు కదలడం!

రాసిచ్చాడు. నాలుగు అంకెలు, ఒక సంతకం.
నా పేరు మటుకు కలావతి అని రాశాడు.

అతని పెన్సిలే అడిగి తీసుకున్నాను.
"ల" కొట్టేసి, పైన "ళ" పెట్టాను, నిలబడే.

పెన్సిలు తిరిగివ్వడం మర్చిపోయాను,
అంటే, ఇవ్వలేదు.

పుస్తకం గడువు దాటి నలభై రోజులు.
రోజుకి పావలా జరిమానా, తెలుసు.
సువార్తమ్మ గీత కింద
ఇంకా కాస్త చోటుంది.