పొగగూడు

కావలికి తూర్పున, చవిటిపాయలో,
ఉప్పుకాలవ గట్టున ఉండాది మా బంగళా.
మా బంగళా అంటే నవ్వుతారు.
నాది తాళంచెవుల గుత్తి, నెల జీతం,
నీలం బోర్డు కింద పొద్దు వాలేదాకా కొంచెం నీడ.

బోర్డు మీద ఇంతే:
రక్షిత కట్టడం. గోడల మీద రాస్తే శిక్ష.

ఆలెట్టు దొర కట్టించినాడంట,
ఉప్పు కొటార్ల మీద పెత్తనానికొచ్చి.
వాళ్ల సీమలో, ఎప్పుడూ తడిసుండే పచ్చిక నడుమ
వాళ్లమ్మ ఇల్లొకటి ఉండేదంట.
దాని బొమ్మ గీసుకొచ్చి పరిస్తే
కామాక్షయ్య మేస్త్రి అటు తిప్పి ఇటు తిప్పి
"దొరా, గోడలో ఈ గూడేంది?" అన్నాడంట.
"మంట వేసుకోడానికి."

రోహిణి కార్తెకి రోళ్లు పగిలేచోట
చలి కాచుకోను ఒక గూడు,
దాని నెత్తిన ఇంత పొడుగు పొగగొట్టం.

మేస్త్రి నవ్వలేదు.
కూలి ఇచ్చేవాడి పిచ్చిని కూడా తాడేసి కొలవాల్సిందే.
గవ్వసున్నం, బెల్లం నీళ్లు, కరక్కాయ రసం, కోడిగుడ్ల సొన.
"ఆ ఏడు మన కోళ్లన్నీ దొర గోడకే గుడ్లు పెట్టినాయి"
అనేది మా అవ్వ మస్తానమ్మ.
బర్మా టేకు పడవల మీదొచ్చింది,
నేలకి మార్కాపురం పలకరాళ్లు.
రంగుటద్దం ఒకటి ఇంకా మిగిలుండాది;
మూడు గంటలప్పుడు నేల మీద
అరచెయ్యంత ఎర్రమచ్చ పడతాది.
నేను దాన్ని తొక్కను. ఎందుకో తెలవదు.

పడమటి గోడకి పిడికెడు బెజ్జం.
ఇవతల దొర నిద్ర.
అవతల వరండాలో మా తాత,
కాలి బొటనవేలికి పంకా తాడు.
తాడు ఒరుసుకొని బెజ్జం అంచు
నున్నగా, పాలపన్ను మాదిరి అరిగింది.
కొలతలకొచ్చిన ఇంజినీరమ్మ
"వెంటిలేటర్" అని రాసుకొనింది.
నేను దిద్దలేదు.

చవిటినేల గదా, ఉప్పు గోడల్లోకి ఎక్కుతాది.
మా నాయన కాలంలో మోకాళ్లెత్తు,
ఇప్పుడు నా రొమ్మెత్తు.
చీపురుతో ఊడిస్తే దోసెడు రాలుతాది.
నాలిక మీద వేసుకొని చూసినా. మన ఉప్పే.
ఉప్పు తిన్న విశ్వాసం అంటారే,
ఈ ఇంటికి అది ఎవరి మీదో మరి.

ఒక కార్తీకంలో గాలివాన.
కాలవా సముద్రమూ ఒకటైన రాత్రి.
దొర నెల్లూరు పోయుండాడు.
తలుపు పగలగొట్టింది ఎవరో
అప్పుడూ చెప్పలేదు, ఇప్పుడూ చెప్పరు.
ఉప్పుమళ్ల జనమంతా టేకు దూలాల కింద.
నీలంగా బిగుసుకుపోతా ఉన్న పిల్లలు.
అప్పుడు గుర్తొచ్చింది గూడు.

ముందు కుర్చీకాళ్లు మండినాయి.
తర్వాత బీరువాలో జుల్మానా చిట్టాలు:
ఎవరి మడిలో ఎన్ని మణుగులు తగ్గినాయో,
ఎవరు కొంగున గుప్పెడుప్పు కట్టుకుపోయినారో,
దొర రాతలో మా అందరి పేర్లు.
పొడి కాయితం, బాగా మండిందంట.
ఆ మంట మీద గంజి కాచినారు.
తెల్లారేలోపల ఆ పలకల మీదే
ఏడునెలలకే మా నాయన పుట్టినాడు.

దొర తిరిగొచ్చి కుర్చీకి కూలి కోసినాడు,
గూటికి సున్నం కొట్టించినాడు.
రెండు వానలకి మసి మళ్లీ పైకి తేలింది.

వచ్చే నెల పనులు మొదలంట.
కట్టిననాడు ఎట్టుండాదో అట్ట చెయ్యాలంట.
మసి గోకి తెల్లసున్నం.

"అమ్మా" అన్నాను.
"రాస్తే శిక్ష అని బోర్డు పెట్టినారు గదా,
తుడిస్తే ఏం శిక్షో అందులో లేదే."

ఆమె నన్ను చూసింది. గూట్లో చెయ్యి పెట్టింది.
చాలాసేపు ఏమీ అడగలేదు.
తర్వాత ఏదో రాసుకొనింది,
ఇంగ్లీషు, నాకు రాదు.
కాయితం మూల మాత్రం
నాలుగు నల్లటి వేళ్లు పడినాయి.

బెజ్జం సంగతి రేపు చెప్తా.