రెండు

ఈ ఊళ్ళో నేను మొదట నేర్చిన మాట
వణక్కం కాదు. ఎవ్వళవు.
ఎంత? అని.
ఆ తర్వాత అంకెలు, కూరల బండి దగ్గర:
ఒణ్ణు, మూణు, నాలు, అంజు.
రెండు నేర్చుకోనక్కర్లేకపోయింది.
రెండు అక్కడా రెండే, ఇక్కడా రెండే.

పలాసలో రైలెక్కక ముందే
పదహారువేలు అనే నా జీతం
మా వీధిలో నాలుగిళ్ళు తిరిగొచ్చింది.
అమ్మలక్కలు దాన్ని కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చారు.
ఖర్చెంతని ఎవరూ అడగలేదు.
నేనూ అడగలేదు.

పేరు ఢిల్లీశ్వరి.
ఏలేది అంబత్తూరు ఎస్టేటు వెనక
మేడ మీద రేకుల గది, అందులో సగం.
అడ్వాన్సుకి నా జూకాలు వెళ్ళాయి.
అద్దె ఐదున్నరవేలు, నీళ్ళ క్యాను ముప్పై అయిదు,
కరెంటు యూనిట్ తొమ్మిది.
గవర్నమెంటు రేటు అంత లేదు కదమ్మా అంటే
కనకవల్లమ్మ మెట్ల మీంచే నవ్వింది:
"గవర్నమెంటు గది ఇస్తే అక్కడే ఉండు."
మొత్తం తమిళంలోనే అంది.
ఒక్క ముక్క పోకుండా అర్థమైంది.
భాష వచ్చేసిందని మురవాలో
ఇంకేదైనా చెయ్యాలో తెలీక
గిన్నెలు తోముకున్నాను.

గదిలో రెండో సగం సుభాషిణి, గంజాం పిల్ల.
తనది రాత్రి షిఫ్టు, నాది పగలు.
ఒకటే పరుపు.
నేను లేచిన వెచ్చదనంలో తను పడుకుంటుంది,
తను లేచిన గుంటలో నేను.
పరుపు మీద మిగిల్చింది
ఇరవైనాలుగ్గంటలూ ఆగని ఫ్యాను తినేస్తుంది.

తెల్లబోర్డు బస్సులో ఆడవాళ్ళకి టిక్కెట్ లేదు.
డీలక్సు వచ్చింది, పోయింది.
ఇంకోటి, ఖాళీగా, కిటికీ పక్క సీటు చూపించుకుంటూ పోయింది.
నలభై నిమిషాలు నిలబడ్డాను.
పదిహేను రూపాయలు మిగిలాయి.
నా నిమిషం ఎంతకి పోతుందో
భాగారం చేస్తే తేలేదే,
చెయ్యలేదు.

ఊళ్ళో జీడిపిక్కల బట్టీలో చేసినప్పుడు
గుండుపప్పుకో ధర, బద్దకో ధర.
చేతిలో పప్పు రెండుగా విడిపోతే
మేస్త్రీ కళ్ళు అటే ఉండేవి.
ఇక్కడ రెండుగా విడిస్తే గానీ ఏదీ చేతికి రాదు.
పాల ప్యాకెట్టు, కొబ్బరి చిప్ప, గది,
రోజు.
ఒక్క సబ్బుని దారంతో కోసుకున్నాం.
కోసేటప్పుడు ఇద్దరం ఊపిరి బిగబట్టాం,
తర్వాత చాలాసేపు నవ్వాం, ఎందుకో.

జీతం పడిన సాయంత్రం మాత్రం
నాకు లెక్కలు రావు.
మూర మల్లెపూలు, ఎవ్వళవు అనకుండా కొంటాను.
పొద్దున్నకి వాడతాయి. వాడనీ.

నిన్న కాశీబుగ్గ నుంచి మా మేనత్త మనవరాలు కుసుమ ఫోన్ చేసింది.
"అక్కా, నేనూ వస్తన్నాను. అక్కడ ఖర్చెంతవుద్దే?"
అడిగిన మొదటి మనిషి.
గొంతు సవరించుకుని మొదలెట్టాను,
అద్దె, క్యాను, యూనిట్, బియ్యం,
మధ్యలో ఏదో అంకె తమిళంలో దొర్లింది.
"ఏటక్కా? మళ్ళీ చెప్పు."
మళ్ళీ చెప్పాను.
ఈసారి జూకాల సంగతి కూడా చెప్పాను.
అటువైపు కాసేపు మాట లేదు.
"అయినా వస్తాను," అంది.

వెనక, నిద్రలోంచి, సుభాషిణి.
నా దగ్గర తను నేర్చిన తెలుగంతా కూడగట్టి:
"ఫ్యాను రెండు."
లేచి రెండు మీద పెట్టాను.
రెండు మీద తక్కువ కాలుతుందో లేదో
మాకు తెలీదు.
చెవికి మాత్రం తక్కువగా వినిపిస్తుంది.