తూగు

జగదాంబ దిగువన, పూర్ణా మార్కెట్‌కి మళ్ళే సందులో
ఎర్రన్న పాత పుస్తకాలు కిలోల్లెక్కన అమ్ముతాడు.
జూలై. వాన వెలిసింది, ఉక్క వెలవలేదు.
చున్నీ ముడిలో ఆరువందల నలభై రూపాయలు,
స్టూలు మీద మూడు మెకానిక్సులు.
ఎమ్మెస్సీ మొదటి సెమిస్టర్ ఇంకా పేరు కూడా అడగలేదు నన్ను.

మొదటిది పల్చన.
వేలెడు మందం లేదు, పొగరు మాత్రం యారాడ కొండంత.
ఒక్క వాక్యంలో లోకాన్నంతా నిలబెట్టి
కనిష్ఠ చర్య అంటుంది,
ఇక నీ తిప్పలు నువ్వు పడమంటుంది.
"స్పష్టమే కదా" అని అది రాసిన చోటల్లా
నాకు రెండేసి రాత్రులు.
నౌషీనక్క దీన్నే చదివిందట.
"అర్థమైన రోజు నుంచీ ఇంకే పుస్తకమూ నచ్చదే" అంది.
ఆ రోజు ఎప్పుడొస్తుందో చెప్పలేదు.

రెండోది లావు.
పెళ్ళికి పిలవడానికొచ్చిన పెద్దమ్మలా
అసలు మాటకి రాకముందు
వీధి మొత్తం క్షేమం కనుక్కుంటుంది.
బొంగరం ఒక్కదానికే నలభై పేజీలు.
లెక్కలు బోలెడు;
జవాబుల పేజీలు ఎవరో బ్లేడుతో కోసుకుపోయారు.

మూడోదానికి అట్ట లేదు.
హుద్‌హుద్ తాగించిన నీళ్ళ మరక
ప్రతి పేజీలోనూ ఒకే ఎత్తున.
అంచుల్లో ఎవరిదో పెన్సిల్, తెలుగులో:
"ఇక్కడ మైనస్ ఉండాలి."
"మళ్ళీ చూడు."
"ఇప్పటికి తెలిసింది, తెల్లవారు నాలుగు."

నాకో పరీక్ష ఉంది పుస్తకాలకి.
గురువులు మావయ్య పోర్టు క్రేన్ మీద ఇరవయ్యారేళ్ళు.
నా పదో తరగతిలో, వంటింటి గుమ్మానికి
దారం కట్టి, తాళంకప్ప వేలాడదీసి చెప్పాడు:
"కొక్కెం ఊగిందనుకో, ఎదురు లాగకు.
లాగితే ఇంకా రెచ్చిపోద్ది.
అదెటెల్తే అటే ఎల్లి, దాని నెత్తి మీద నిలబడు.
ఇంక ఊగడానికి దానికి చోటేటుంటాది?"

పట్టాల మీద జరిగే బిందువు, దానికి వేలాడే బరువు.
మూడింట్లోనూ ఆ లెక్క వెతికాను.
పల్చటిది ఒక్క లైన్లో సమాధానం పారేసింది.
లావుది బొమ్మ గీసి, అక్షాలు పెట్టి,
నాలుగు పేజీలు ఊపి ఊపి
ఆపకుండానే అధ్యాయం ముగించింది.
మూడోదాంట్లో ఆ పేజీ పక్క పేజీకి అతుక్కుపోయి ఉంది.
గోరు పెట్టబోతే ఎర్రన్న అరిచాడు:
"కొని విప్పుకో అమ్మా, నా దగ్గర చించకు!"

లావుదాన్ని కాటాలో వేశాడు. కిలోంబావు.
పల్చటిదాన్ని వేయలేదు:
"ఇలాటివి తూకానికివ్వను. అడుక్కుంటా వస్తారు దీనికి. ఐదొందలు."
తడిసినదాని వైపు చూడనైనా లేదు.
"అరవయ్యియ్యి."

మల్కాపురం బస్సు. కాన్వెంట్ జంక్షన్ దాటాక
పోర్టు గోడ మీదుగా కొక్కెం కనిపించింది:
ఊగుతూ, ఊగుతూ, ఉన్నట్టుండి బుద్ధిగా.
పైన ఎవరో దాని వెంట వెళ్ళినట్టున్నారు.
ఒళ్ళో పుస్తకం బొగ్గుధూళి వాసనేసింది,
లేదా ఆ గాలే అంత.
ఐదొందల ఎనభైలో బస్సు చార్జీ పోగా మిగిలినవి లెక్కపెట్టుకున్నాను.
వచ్చే నెల పల్చటిది. అప్పటికి ఉంటే.

రాత్రి ఇడ్లీ కుక్కర్ ఆవిరి మీద
మావయ్య ఆ రెండు పేజీల్నీ పట్టుకున్నాడు.
నేను లాగబోయాను, చెయ్యి మీద ఒక్కటిచ్చాడు.
అత్త రెండో వాయి వేయాలని గొణుగుతోంది.
కాగితం తనంతట తనే, ఒక మూల నుంచి,
నిద్రలో పక్క మార్చుకున్నట్టు వదిలింది.

లోపల ఆ లెక్క. పక్కన అదే పెన్సిల్,
అన్ని చోట్లకన్నా చిన్న అక్షరాల్లో:
"ఇది తెలియలేదు."
ఆ తర్వాతి పేజీల్లో ఎక్కడా గీత లేదు.

మావయ్య కళ్ళజోడు ముక్కు మీదకి దించి
రెండుసార్లు చదివాడు.
"పోర్టుకి రమ్మనాల్సింది ఆయన్ని" అన్నాడు.