అరవై రెండు శాతం

ఎంజీఎంల డాక్టరు టేపుతోని కొలిచి
నా ఎడమకాలుకు అరవై రెండు శాతం రాసిండు.
ముద్ర ఆరకముందే గేటుకాడ ఆటో పిలగాడు
"కుంటక్కా, కొత్తవాడకేనా?" అన్నడు.
అవునన్న.
కిరాయి మాత్రం నూటికి నూరు తీసుకున్నడు.

మగ్గం గుంటల దిగితే కాళ్లు ఎవలకు కనవడయి.
కురచకాలు అందేటట్టు పావుకోడుకు
మా యారాలు సారమ్మ తుమ్మకట్టె ముక్క కట్టింది.
తొక్కితే టక్కుమనది, దుబ్బుమంటది.
నేను లేచిన్నని వాడకట్టుకు అదే ఎరుక.

జంపఖాన ఎడమంచు ఇంత వంకరొస్తది.
పదేండ్లు విప్పి విప్పి దిద్దిన.
ఇప్పుడు దిద్దుత లేను.
సొసైటీల అంచు చూసుడుతోనే
"ఇది బుచ్చమ్మ చెయ్యి" అంటరు.

మొన్న హన్మకొండల పెండ్లికి పోతే
అదే పరిచిండ్రు.
మంది దానిమీద కాళ్లు బార్లజాపి కూసున్నరు.
నేను గూడ.