గడువు

జులైలో, నెమునాస్ ఏటి ఒడ్డున
ఓక్ చెట్టు మీద పిడుగు పడింది.
కొమ్మ నుంచి వేరుదాకా
బెత్తెడు వెడల్పున బెరడు లేచిపోయింది.
పేళ్లు ఎగిరి బంగాళాదుంప మడిలో గుచ్చుకున్నాయి.

రంపం తెచ్చిన యుస్తాస్‌తో మోర్తా అంది:
"ఆకులు వేలాడాయంతే, రాలలేదుగా.
వచ్చే మే దాకా ఆగు."
సుద్దముక్కతో మానుమీద తేదీ వేసింది,
బాకీదారుకి గడువిచ్చినట్టు.

చలికాలమంతా మంచు
ఆ చీలికలో దూరి గడ్డకట్టింది.
వడ్రంగిపిట్ట రోజూ వచ్చి, తట్టి,
ఏదో విని పోయేది.

మే వచ్చింది.
ఉత్తరపు కొమ్మలన్నీ ఎండుపుల్లలు.
దక్షిణాన మాత్రం
ఎలుక చెవులంత చిగుళ్లు.
గాయం అంచున బెరడు పెదవిలా ఉబ్బింది,
గోరంత.

"బతికినట్టేనా?" అన్నాడు.
ఆమె తడిగుడ్డతో తేదీ తుడిచి
మళ్లీ మే అనే రాసింది,
ఈసారి ఏడాది వేయకుండా.